పాతూరికీ కొత్తపేటకూ నడిమి రాయి

నేను ఒక రాయిని. మనిషి నడుమంత ఎత్తు, జానెడు మందం. దొరగారి కోటలాంటి గడికి గుమ్మం చెక్కగా మిగిలిన ముక్కను. మిగిలినదాన్ని పారేయడం దొరగారికి గిట్టదు. అందుకని నాకొక పని చూపించారు.

ఆ పని చెప్పాలంటే ఇప్పటికీ నాకు వణుకే. పిలిచిన పొద్దుకు రాని వెట్టివాణ్ణి గడి వాకిట్లో వంగబెట్టి, వీపు మీద నన్ను ఎత్తేవారు. కూలి లేదు, కారణం అక్కర్లేదు. పిలిస్తే రావాలి, అదే వెట్టి. నా కింద మనిషి ఊపిరి ఎగిసేది, ఆగేది, మళ్ళీ ఎగిసేది. ఆగిన ప్రతిసారీ ఇక ఎగయదేమోనని నా గుండె ఆగేది. రాయికి గుండె ఏమిటని మీరు నవ్వవచ్చు. దొరగారికి ఉందని ఊరంతా నమ్మింది కదా, నాకూ ఉందనుకోండి.

ఒకరోజు ఆ ఊపిరి మళ్ళీ ఎగయలేదు. ఆ మనిషి పేరు రాజలింగం. కొత్తపేటలో వెట్టి వద్దని సంఘం పెట్టిన సాయిలుకు సొంత తమ్ముడు.

తమ్ముణ్ణి మట్టి చేసిన మర్నాటి నుంచి కొత్తపేట వాళ్ళు ఒక్కరూ గడికి పోలేదు. అరవై గడపలు. గడి ఉన్న పాతూరు వాళ్ళు మాత్రం పోతూనే ఉన్నారు, వాళ్ళ ఇళ్ళు దొర గోడ కిందే ఉన్నాయి కాబట్టి. గొడవ పెద్దదయ్యేలా ఉందని పోలీసు అమీను గుర్రమెక్కి వచ్చాడు. మూడు దినాలు మాట్లాడి ఒక రాజీ కుదిర్చాడు. కొత్తపేటకు వెట్టి లేదు, పాతూరికి ఉంటుంది. రెంటి నడుమ పొలాల్లో ఒక హద్దురాయి పాతుతారు. పాతూరు మనిషి ఎవరైనా ఆ రాయి దాటితే వెంటబడి పట్టకూడదు. అందుకు బదులుగా సంఘం వాళ్ళు పాతూరులో అడుగు పెట్టకూడదు.

“ఏ రాయి పాతుదాం?” అన్నాడు అమీను.

“గడి వాకిట్ల ఉన్న బండ,” అన్నాడు సాయిలు. “అదింక ఆడ ఉండొద్దు.”

అలా సగం భూమిలోకి, సగం ఎండలోకి వచ్చాను. ఆ సాయంత్రం సాయిలు మేనత్త ఈరవ్వ నా దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె మాట ముల్లుగర్ర.

“కాలిన ఇంట్ల సగం వాసాలు మిగిలినయని సంబురపడ్డట్టున్నది బిడ్డా నీ రాజీ.”

“సగమన్న మిగిలినయి గదత్తా.”

“మిగిలినయ్. పాతూరోళ్ళకు ఏం మిగిలిందో వాళ్ళనడుగు. ఆ, ఆడికి నువ్వు పోవద్దాయె!”

సాయిలు నవ్వడానికి చూశాడు. కుదరలేదు.

ఆ ఏడాదిలో పదకొండు మంది నన్ను దాటారు. నేల మీద పాకుతూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. దాటగానే నా మీద చెయ్యి వేసి ఊపిరి పీల్చుకునేవారు. వీపుల మీద కూర్చున్నదాన్ని, చేతులకు ఆసరా అయ్యాను. కానీ ఆ పదకొండు మందినీ దొరగారు కూడా లెక్కబెట్టుకుంటున్నారని తెలిసి, ఒక్కొక్కరు దాటినకొద్దీ నా భయం పెరిగింది.

ఏడాది తిరక్కుండానే అమీను మళ్ళీ వచ్చాడు. ఈసారి దొరగారు తుపాకులవాళ్ళను పిలిపించారని, కొత్తపేటను తగలబెట్టడానికి కిరసనాయిలు కూడా వచ్చిందని చల్లగా చెప్పాడు. అందుకే ఇంకొక రాజీ. ఇకమీదట గడి మనుషులు రాయి దాటి రావచ్చు. పారిపోయి వచ్చినవాళ్ళను కొత్తపేట వాళ్ళే తాడుతో కట్టి అప్పగించాలి. అప్పగించినంత కాలం కొత్తపేటకు వెట్టి ఉండదు.

బల్ల లేక ఆ కాగితాన్ని నా తల మీదే పరిచారు. సాయిలు బొటనవేలు సిరాలో ముంచి చాలాసేపు గాలిలోనే ఉంచాడు. వెనక అరవై గడపల పిల్లల ఏడుపు వినిపిస్తోంది. మనుషులు భయపడినప్పుడు ఆ భయానికి బుద్ధి అని పేరు పెట్టుకుంటారు. సాయిలు వేలు వేశాడు. నా మీద నుంచి కాగితం తీసేసరికి మధ్యాహ్నమైంది.

ఆ పొద్దు వాలకముందే నర్సి వచ్చింది.

నర్సికి పదహారేళ్ళు. గడిలో ఆడబాప, అంటే దొర కూతురు అత్తవారింటికి పోతే బిందెలతో, పరుపులతో పాటు పంపే పిల్ల. పంపితే ఆ పిల్ల బతుకు, ఒళ్ళు అన్నీ ఆ ఇంటివే. చిన్న దొరసాని ప్రయాణం ఎల్లుండి. గడి మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి, జొన్నచేలకు అడ్డంబడి పరుగెత్తుకొచ్చింది. కాళ్ళ నిండా ఆకులు గీరిన నెత్తురు.

నన్ను దాటి ఆగింది. ఆగి, నాకు వీపు ఆనించి కూర్చుంది. కళ్ళు మూసుకుని నవ్వింది.

ఆమెకు పాత రాజీ మాత్రమే తెలుసు.

లే, పరుగెత్తు అని అరవాలనుంది. నాకు నోరు లేదు. ఆమె వీపు నాకు ఆనుకుని ఉంది, ఊపిరి ఎగుస్తోంది, తగ్గుతోంది. నేను ఎరిగిన ఊపిరే అది. ఇంతలో గుర్రం డెక్కల చప్పుడు నేల లోపలి నుంచి ముందు నాకే వినిపించింది.

గడి పెద్దజీతగాడు పుల్లయ్య గుర్రం మీద, కట్టెలు పట్టిన నలుగురు వెంట. అలవాటు కొద్దీ నా దగ్గర ఆగాడు. తర్వాత కొత్త రాజీ గుర్తొచ్చి నవ్వాడు.

“కూసో పిల్లా, కూసో. ఇగ ఉరుకుడు లేదు. ఓ సాయిలు! తాడు తే. కాయితం మీద ఏలేసినోడివి నువ్వే, కట్టాల్సినోడివీ నువ్వే.”

కొత్తపేట కదిలి వచ్చింది. సాయిలు చేతికి ఎవరో తాడు ఇచ్చారు. అతని బొటనవేలి మీద సిరా ఇంకా పోలేదు.

నర్సి లేచింది. “పెద్దయ్యా, రాయి దాటిన గద? దాటితే ఎవ్వడు పట్టడని మా అమ్మకు నువ్వే గద చెప్పి పంపినవ్?”

సాయిలు తాడు రెండు పేటలు చేశాడు. ఒక పేట జారింది.

అప్పుడు ఈరవ్వ అంది, ఎవరి వైపూ చూడకుండా: “కట్టు బిడ్డా. గట్టిగ గట్టు. రాజలింగం వీపు మీద గూడ గీ బండను గట్టిగనే పెట్టిండ్రు.”

సాయిలు తాడు కింద పడేశాడు. “సమ్మెట తేండ్రి,” అన్నాడు.

“ఏం జేస్తవ్ రా?” అన్నాడు పుల్లయ్య.

“హద్దు తీసేస్తున్న.”

మొదటి దెబ్బకు నాలో నిప్పు లేచింది. రెండో దెబ్బకు నెర్రె విచ్చింది. మనుషులకు నొప్పి ఎలా ఉంటుందో వాళ్ళ వీపుల మీద కూర్చుని ఏళ్ళ తరబడి విన్నాను కానీ, ఆ రోజు తెలిసింది. పైసగం గుప్పెడేసి ముక్కలైంది. జొన్నచేలల్లో పిట్టలు తోలే ఆడవాళ్ళు నడుముల నుంచి రాళ్ళు విసిరే ఒడిసెలలు విప్పి, కొంగుల్లో నా ముక్కలు నింపుకున్నారు. నర్సి కూడా కొంగు చాపింది. పుల్లయ్య ఆ కొంగులను చూశాడు, గుర్రాన్ని తిప్పాడు.

“తుపాకులు తెస్త బిడ్డా! ఊరు మిగలది!”

అతను తెస్తాడని అందరికీ తెలుసు. ఎవరూ జై కొట్టలేదు. సాయిలు సమ్మెట మీద వాలి నిలబడ్డాడు.

“భయమైతున్నదత్తా.”

“నాక్గూడ భయమే. రాళ్ళేరు,” అంది ఈరవ్వ.

వంగి ఏరాడు.

నర్సిని ఆ రోజు తీసుకుపోలేకపోయారు. కొత్తపేటలో మాత్రం ఇరవై రెండు ఇళ్ళు కాలాయి. ఈరవ్వ ఆ మంటల్లోనే పోయింది. తర్వాత నాలుగేళ్ళు ఊళ్ళకు ఊళ్ళు గడీల మీద కొట్లాడాయి. నా ముక్కల్లో ఏది ఎవరి నుదుటికి తగిలిందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

భూమిలో పాతిన సగాన్ని ఎవరూ తవ్వలేదు. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ సగమే. నాకు రెండు వైపులా ఇప్పుడు ఒకటే చేను. ఏటా నాగలి కర్రు వచ్చి తగులుతుంది. దున్నేవాడు “ఏం రాయిరో ఇది” అని తిట్టుకుని, నాగలి ఎత్తి పక్కకు పోనిస్తాడు. ప్రతిసారీ నేను బిగుసుకుపోతాను. నన్ను పెకలించి పారేస్తారని కాదు. ఎవరో ఒక బుద్ధిమంతుడు నన్ను బయటికి తీసి, మన్ను దులిపి, ఎక్కడైనా ఇద్దరి నడుమ మళ్ళీ నిలబెడతాడేమోనని.