నష్టం ఓర్చుకునే శక్తి

హెర్ ఓల్ట్‌మన్స్ తన కప్పులో చెంచా వేసేదాకా నేను టీ పోస్తూనే ఉండాలి. జర్మనీలో మా లేయర్ ఊళ్ళో అది మర్యాద. చెంచా పడలేదంటే ఇంకా కావాలని. మూడు కప్పులు తాగాడు మహానుభావుడు, ఒక్కసారైనా నా మొహం చూస్తేనా! మా మామగారి కాలం నుంచీ ఈ ఇంటికి ఆయనే షేర్ల బ్రోకరు. ఇవాళ వచ్చింది మాత్రం నా డబ్బు కోసం. మా ఆంట్యె పిన్ని పోతూ పోతూ ఇల్లు నాకు రాసింది, అది అమ్మితే వచ్చిన సొమ్ము. యాభై ఆరేళ్ళు వచ్చాక నా ఒక్కదాని పేరున పడ్డ మొదటి డబ్బు. ఆయనేమో, "ఏం చేద్దామంటావు హైకో?" అని మా ఆయన్ని అడుగుతున్నాడు.

"నన్ను అడగండి," అన్నాను.

"మీకెందుకమ్మా ఈ తలనొప్పి? మేం చూసుకుంటాంగా. టీ మాత్రం అద్భుతం!"

హైకో నవ్వాడు. "దానికి లెక్కలంటే చిరాకండీ. దాని జీతం టీపొడికీ మీగడకీ సరి. అంతకు మించి లెక్కపెట్టే అవసరం ఎప్పుడొచ్చింది గనక!"

ఇది పాత జోకే. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో అందరి ముందూ వేస్తాడు, నేనూ నవ్వుతాను. ఇవాళ నవ్వు రాలేదు. కెటిల్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

హాంబుర్గ్‌లో ఉన్న మా అమ్మాయి టొమ్మాకి ఫోన్‌లో చెప్పుకుంటే మండిపడింది. "ఆ ముసలాయన్ని వదిలెయ్యవే అమ్మా! యాప్ ఉంది. నాలుగు ప్రశ్నలడిగి, డబ్బు ఎక్కడ పెట్టాలో అదే చూసుకుంటుంది. నీ మొగుడెవరో దానికి అక్కర్లేదు." ఆ ఆఖరి మాటకి ప్రాణం లేచొచ్చింది. ఆదివారం అంట్లు తోమేసి, చేతులు తుడుచుకుని, ఫోన్‌లో ఆ యాప్ తెరిచి కూర్చున్నాను.

నెలకి చేతికొచ్చే జీతమెంత అని అడిగింది. అక్కడే ఆగిపోయాను. పెళ్ళయిన వారంలో మా అత్తగారు అన్న మాట చెవిలో మోగింది: "మగాడికి మూడో తరగతి, ఆడదానికి అయిదో తరగతి. అందరూ అలాగే రాయిస్తారే పిల్లా, ఇంటికి లాభం." పన్ను సంగతి అది. మూడో తరగతి వాడికి జీతంలో కొంచెమే కోస్తారు, అయిదో తరగతి దానికి బాగా కోస్తారు. తేడా అంతా ఆయన జీతంలో కనిపిస్తుంది, నా జీతంలో మాయమవుతుంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పొద్దంతా నిలబడి, అందరి అరుపులూ విని సంపాదించింది సగానికి సగం చిక్కి ఇల్లు చేరేది. ఆ చిక్కినదాన్ని చూసే హైకో "నీదీ ఒక జీతమేనా" అన్నాడు. ఆ చిక్కినదాన్ని చూసే, టొమ్మా పుట్టినప్పుడు కొన్నేళ్ళు ఎవరు ఉద్యోగం మానాలో తేల్చేశారు. మధ్యలో ఒకసారి నేను పనిచేసే క్లినిక్ మూతపడితే సర్కారిచ్చే భృతి కూడా ఆ చిక్కిన జీతం మీదే లెక్కగట్టారు. మోసం అనడానికి లేదు, సంతకం నాదే. ఒక్కటే ఇల్లు కదా అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

తర్వాతి ప్రశ్న: మీ డబ్బు సగానికి పడిపోతే ఏం చేస్తారు? నాకున్న అనుభవం నాకుందిగా. ఓపిక పడతాను అన్నదాని మీద నొక్కాను. ఎంతకాలం? అన్నిటికంటే పొడుగైనది ఎంచుకున్నాను.

ఫోన్ ఒక్క క్షణం ఆలోచించింది. "అభినందనలు వీబ్కె! నష్టాన్ని ఓర్చుకునే శక్తి మీలో చాలా ఎక్కువ."

ఏడుపు తన్నుకొచ్చింది. బ్రోకరు నన్ను చూడనే లేదు. ఇది చూసింది, చూసి మెచ్చుకుంది. ఏది నయం?

వెనక్కి వెళ్ళి జవాబు మార్చాను. ఇక ఒక్క సెంటు నష్టం కూడా భరించను అన్నాను. "క్షమించండి, మీకు తగిన పథకం మా దగ్గర లేదు," అంది అంతే మర్యాదగా.

హైకో భుజం మీంచి తొంగిచూశాడు. "చెప్పానా! రేపు ఓల్ట్‌మన్స్‌కి ఫోన్ చేస్తాను."

"వద్దు. నేను సంతకం పెట్టను."

"మరేం చేస్తావ్? ఖాతాలో ఊరికే పడేస్తే ధరలు పెరిగి పెరిగి, అది కరిగిపోతుంది. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు," అన్నాను. "కరగనీ. ఈసారి నా పేరు మీద కరుగుతుంది."