మండలాఫీసులో సీతమ్మ

నేను ఒక తోలుబొమ్మను. ఇంతవరకు ఖాయంగా చెప్పగలను. ఏ బొమ్మవు అని అడిగితే మాత్రం తడబడతాను. చేసినవాడు నాకు ఒక పేరు పెట్టాడు. ఆడించినవాళ్లు అవసరాన్ని బట్టి ఇంకో మూడు పెట్టారు. చివరికి ప్రభుత్వంవారు ఒక నంబరు వేశారు. వీటిలో ఏది అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను చేసింది అనంతపురం దిక్కున రాళ్లకుంట అనే ఊళ్లో హనుమోజి. మా ముందు తరాల్లో దేవతల బొమ్మలకు జింకతోలు, రాక్షసుల బొమ్మలకు మేకతోలు వాడేవారట. నా వేళకు జింకను ముట్టుకోకూడదని చట్టం వచ్చింది. దాంతో రాముడికీ రావణుడికీ ఒకే మంద నుంచి తోళ్లు వచ్చాయి. ఆ మందలోని ఒక మేక తోలుతో హనుమోజి నన్ను సీతగా చేశాడు. తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి లాగి కట్టి ఎండలో ఆరబెట్టాడు. అది వెలుతురును పోనిచ్చేంత పలచబడ్డాక ఉలితో చిల్లులు పొడిచాడు. నా కమ్మలు, వడ్డాణం, చీర అంచు అన్నీ ఆ చిల్లులే. మనుషులకు నగలంటే ఒంటిమీద పెట్టుకునేవి. మాకు ఒంట్లోంచి తీసేసినవి.

హనుమోజి నన్ను ఆడిస్తుంటే అతని భార్య తుకాబాయి పక్కన కూర్చుని నా గొంతుగా పాడేది. వాళ్ల ఇంట్లో మాట్లాడుకునేది ఆరె భాష, మరాఠీకి దూరపు చుట్టం లాంటిది. ఎన్నో తరాల కిందట ఏదో దండు వెంట ఇటు వచ్చామని హనుమోజి ఒకసారి చెప్పేవాడు. మేమెప్పుడూ ఇక్కడివాళ్లమేనని ఇంకోసారి చెప్పేవాడు. రెండూ అంతే నమ్మకంగా చెప్పేవాడు. ఆట మాత్రం తెలుగులోనే. తెర వెనక తుకాబాయి కొడుకును ఆరెలో కసిరి, అదే ఊపిరిలో తెలుగు పద్యం ఎత్తుకుని సీత దుఃఖం పాడేది. తెర ముందు జనం కళ్లు తుడుచుకునేవారు. ఆ లెక్కన నేను తెలుగుదాన్నే అనుకున్నాను. కానీ ఆట అయ్యాక నన్ను పెట్టెలో పెడుతూ ఆమె "యే బాళా" అనేది. రా తల్లీ అని అర్థం. అప్పుడు నేను ఇంకేదో అయిపోయేదాన్ని.

ఒక వానాకాలం ద్రౌపది బొమ్మను ఎలుకలు కొరికేశాయి. కొత్తది చేసే తీరిక లేక నన్నే ద్రౌపదిని చేశారు. మరో ఊళ్లో సుభద్రనయ్యాను, ఇంకో ఊళ్లో మండోదరిని. సీతగా ఏడ్చిన తెర మీదే వారం తిరక్కుండా రావణుడి భార్యనై నిలబడ్డాను. జనం గుర్తుపట్టలేదో, పట్టినా ఊరుకున్నారో తెలియదు.

హనుమోజి పోయాడు. తుకాబాయి ఆ రోజు నుంచి పాడటం మానేసింది. అప్పటికే ఆటకు పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కొడుకు ఎశ్వంతు అదే తోలుతో దీపాల మీద తొడిగే గుండ్రటి గూళ్లు చేసి పట్నాలకు పంపడం మొదలుపెట్టాడు. పాత బొమ్మలను చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కటే కొనుక్కుపోయారు. రావణుడు ఏదో హోటలు గోడ ఎక్కాడని విన్నాను. నేను మిగలడానికి కారణం తుకాబాయి నన్ను తన చీరల అడుగున దాచడమే.

ఎశ్వంతు కూతురు రుక్మిణి. పట్నంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. ఇంట్లో తుకాబాయిని ఆజీ అని పిలిచే పిల్ల, హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు పక్కన స్నేహితులుంటే అవ్వా అనేది. ఒకరోజు ఆరెలో మాట్లాడుతుండగా విన్న పిల్ల ఎవరో "మీరు ఎవురోళ్లు?" అని అడిగిందట. అడిగిన పిల్లకు ఏ దురుద్దేశమూ లేదు. కానీ రుక్మిణి ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆమె సెలవులకు వచ్చినా తోలు నానబెట్టే తొట్టి దగ్గరికి పోయేది కాదు, వాసన అనేది. నన్నయితే ద్వేషించలేదు. ఆజీ పెట్టె తెరిచినా నావైపు చూసేది కాదు, అంతే.

ఆ పిల్లకు కర్నూలు వైపు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారం లోపు కుల ధ్రువీకరణ పత్రం చూపించాలి. ఎశ్వంతు కాగితాలు పట్టుకుని సోమవారమే మండలాఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా ఖాదర్‌బాషా మూడు కాగితాలు బల్ల మీద పరిచి చూశాడట. ఎశ్వంతు ఇంటికొచ్చి ఆ మాటలు ఒక్కటి కూడా వదలకుండా చెప్పాడు.

"ఏమప్పా ఎశ్వంతూ, మీ నాయన పాత కాయితంలో మరాఠీ అని ఉండాది. నీ బడి కాయితంలో బొమ్మలాటోళ్లు అని ఉండాది. పాప టీసీలో ఆరె అని రాసినారు. మూడిట్లో యాది నిజం?"

"మూడూ మేమే సార్."

"మూడూ మీరైతే నేను యాది రాయల్ల? గడి ఒకటే ఉండాది."

ఖాదర్ అతన్ని తహసీల్దారు శశికళ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చింది. మీరు బొమ్మలాట ఆడేవాళ్లేనా, ఇంట్లో బొమ్మలున్నాయా అని అడిగింది. బొమ్మలు లేవు మేడమ్, దీపాల గూళ్లున్నాయి అన్నాడు ఎశ్వంతు. అతనికి నా సంగతి గుర్తు లేదు.

"దీపాల గూళ్లు ఎవరైనా చేస్తారు కదండీ. ఎక్కడైనా ఒక్క బొమ్మ దొరికితే, ఆడగలిగేవాళ్లతో రేపు తీసుకురండి. నేను స్వయంగా చూసి పంచనామా రాయిస్తాను" అంది ఆవిడ. వెటకారం లేదు. ఆవిడకు నిజంగానే ఒక దారి కావాలి.

విన్న రుక్మిణి ముఖం ఎర్రబడింది. "బొమ్మను ఆడిచ్చి చూపిస్తేనే మనం మనమా నాయనా? పది మంది ముందర ఆజీని కూర్చోబెడతావా? వద్దు. సీటు పోతే పోనీలే."

"పోనీలే అంటే పోయేది నీ సీటు ఒక్కటేనా పాపా? రేపు నీ తమ్ముడిదీ ఇదే కథ. వాని పిల్లోళ్లదీ ఇదే కథ."

తుకాబాయి లేచి పెట్టె తెరిచి, చీరలు పక్కన పెట్టి, అడుగు నుంచి నన్ను తీసింది. "యే బాళా" అంది. రుక్మిణి తలెత్తి చూసింది. ఆ పిలుపు ఎవరికో ఆ పిల్లకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసు మీటింగు హాల్లో కిటికీలు మూశారు. ఖాదర్ తన ఇంటి నుంచి ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చాడు. పూర్వం మా తెరకు తుమ్మముళ్లు గుచ్చేవారు. ఇక్కడ అటెండరు స్టాప్లర్‌తో టకటకా కొట్టేశాడు. ఎశ్వంతు బల్లదీపం పట్టుకున్నాడు. తుకాబాయి నేల మీద కూర్చుని, నన్ను ఆడించే పుల్లలు తనే పట్టుకుని, కాళ్ల కింద ఒక చెక్క వేయించుకుంది, తాళం తొక్కడానికి. సంతకాల కోసం వచ్చిన రైతులు, పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు గోడవారగా నిలబడ్డారు. రుక్మిణి తలుపు పక్క బెంచీ చివర, ఎప్పుడైనా లేచి పోవడానికి వీలుగా కూర్చుంది.

ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి తుకాబాయి అశోకవనం ఎత్తుకుంది. రావణుడు లేడు, అతని గొంతు ఎశ్వంతు ఇవ్వాలి. మొదట స్తోత్రం పాడింది. గొంతు రెండుసార్లు విరిగి మూడోసారి కుదురుకుంది. కాలి కింద చెక్క పలికింది. ఇన్నేళ్ల తర్వాత దీపం నా ఒంట్లోంచి పోతుంటే చిల్లు చిల్లుకూ నేను మేలుకున్నాను. రావణుడు బెదిరించాడు. నేను జవాబు చెప్పాలి. నాలుగు పాదాలు పాడి తుకాబాయి ఆగిపోయింది.

అయిదో పాదం ఆమెకు గుర్తు రాలేదు.

నా కుడిచెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఎవరో దగ్గారు. ఎశ్వంతు దీపాన్ని అమ్మ వైపు తిప్పితే తెర మీద నేను మసకబారాను. అప్పుడు తుకాబాయి నోరు తెరిచింది. వచ్చింది తెలుగు కాదు, పద్యమూ కాదు. ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడే ఆరెలో, మామూలు మాటల్లో, సీత మాట్లాడసాగింది. నా జీవితంలో సీతనై నేను ఆ భాష మాట్లాడటం అదే మొదటిసారి. ఇంతకాలం తెర వెనకే ఉన్న మాట తెర మీదకు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ మాట సీతదా, తుకాబాయిదా అన్నది అసలే అర్థం కాలేదు.

గోడవార ఎవరో నవ్వారు. "ఇదేం భాష? ఆట తెలుగులో ఆడతారన్నారు కదా?" అంది శశికళ. ఎశ్వంతు దీపం దించబోయాడు. ఏ భాష వల్ల తామెవరో తేలకుండా పోయిందో ఆ భాషే అమ్మ ఆఫీసు నడుమ మాట్లాడుతోంది, ఇక పని చెడినట్టే అనుకున్నాడు.

బెంచీ కిర్రుమంది. రుక్మిణి తలుపు వైపు పోతుందనుకున్నాను. ఆమె తెర వెనక్కి వచ్చి ఆజీ పక్కన గొంతుక్కూర్చుంది. తుకాబాయి చెప్పేది ఒక్కొక్క ముక్కగా విని తెలుగులో చెప్పింది. రంగస్థలం తెలుగు ఆ పిల్లకు రాదు. వచ్చిన తెలుగులోనే చెప్పింది.

"నేను ఎవురి బిడ్డనని వచ్చినోడల్లా అడుగుతాండాడు. నేను నాగేటి సాలులో దొరికినదాన్ని. దున్నినోన్ని అడిగితే తెలుస్తాది, మన్నును అడిగితే తెలుస్తాది. నన్ను అడిగితే నేనేం చెప్పల్ల? ఇన్నాళ్లు ఈ చెట్టు కింద ఉండాను. ఈ చెట్టుకు నేను తెలుసు. అది చాలదా?"

తుకాబాయి నా ఎడమచేతి పుల్ల మనవరాలికి అందించింది. నా ఒక చెయ్యి ముసలి వేళ్లలో, ఒక చెయ్యి పడుచు వేళ్లలో. రెండు చేతులూ ఒక తీరున ఆడలేదు. ఒకటి ముందు లేచేది, ఒకటి ఆలస్యంగా లేచేది. గోడవార నవ్వు ఆగిపోయింది. పింఛనుకు వచ్చిన ఒక ముసలామె ముక్కు చీదుకోవడం వినిపించింది.

కిటికీలు తెరిచారు. శశికళ మూడు కాగితాలూ మళ్లీ ముందుకు లాక్కుంది. ఖాదర్ దుప్పటి మడతపెడుతూ అన్నాడు: "మేడమ్, మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాము. నన్ను ఈ ఊరోడివి కాదని ఇంతవరకూ ఎవురూ అనలేదు. అంటే బాధపడుతును."

"నాకు అనుమానం లేదు ఖాదర్ గారూ. ఆ గడిలో ఏం రాయాలన్నదే నా తంటా."

చివరికి ఆవిడ 'ఆరె బొమ్మలాట' అని రాసింది. అది ఆ మూడు కాగితాల్లో దేనిలోనూ లేని నాలుగో పేరు. అయినా అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పాత పేర్లు మూడూ కలిసి చేయలేని పని కొత్త పేరు ఒక్క నిమిషంలో ఎలా చేసిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మనుషులకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు.

అప్పుడు శశికళకు ఇంకో సందేహం వచ్చింది. రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే ఆధారం చూపించాలి కదా అంది. బొమ్మను ఫైలుతో పాటు ఉంచి, గడువు తీరాక అడిగితే తిరిగి ఇచ్చేద్దామంది.

"దాన్ని ఇయ్యొద్దు ఆజీ" అంది రుక్మిణి. ఆజీ అనే ఆ పిలుపు హాలంతా వినబడింది.

తుకాబాయి మనవరాలిని చూసింది, నన్ను చూసింది. నన్ను ఖాదర్ చేతిలో పెట్టింది. "మడత పెట్టొద్దు నాయనా. చెమ్మ తగలనీయొద్దు" అంది.

ఖాదర్ నా మెడకు దారంతో ఒక చీటీ కట్టాడు. దాని మీద 'ఆధారం - 1' అని ఉంది.

రెండేళ్లకు పైగా ఆ రికార్డు గదిలో ఉన్నాను. నా చుట్టూ ఉన్నవన్నీ మనుషులు తామెవరో చెప్పుకోవడానికి తెచ్చుకున్న కాగితాలే. ఫలానా వాడి కొడుకును, ఫలానా ఊరివాడిని, బతికే ఉన్నాను అని రాసుకున్నవి. కట్టలు కట్టలుగా ఉండేవి. ఖాదర్ నెలకోసారి వచ్చి వేపాకు మార్చేవాడు. ఎవరూ లేనప్పుడు నాతో ఉర్దూలో రెండు మాటలు మాట్లాడేవాడు. ఆ భాష నాకు రాదు. అయినా బాగున్నావా అనే అడిగి ఉంటాడనుకుంటాను.

ఒక వేసవి సెలవుల్లో రుక్మిణి వచ్చింది. శశికళ అప్పటికి బదిలీ అయిపోయింది. వస్తువు తిరిగి ఇమ్మని దరఖాస్తు రాయాలన్నాడు ఖాదర్. అందులో 'వస్తువు పేరు' అని ఒక గడి ఉంది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఆలోచించి, వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ చేసింది. అంతమంది మధ్య ఆరెలోనే గట్టిగా మాట్లాడింది. తిరిగి వచ్చి ఏదో రాసింది. ఏం రాసిందో ఆధారాల కట్టలో ఉన్న నాకు కనబడలేదు. ఖాదర్ చదివి, ఇంత పొడుగు ఈ గడిలో పట్టదే పాపా అని గొణిగి, అయినా ముద్ర వేశాడు.

ఇంటికి చేరేసరికి నా ఎడమభుజం దారం తెగి చెయ్యి వేలాడుతోంది. తుకాబాయికి సూదిలో దారం ఎక్కించే చూపు పోయింది. రుక్మిణి నన్ను ఒళ్లో వేసుకుని, గాయాలకు వేయడానికి కాలేజీలో నేర్పిన ముడితో భుజం కుట్టింది. ఆజీ వేలితో ఆ కుట్టును తడిమి చూసింది. మన కుట్టు ఇట్లా ఉండదంది. ఇంకోసారి తడిమింది. గట్టిగానే ఉంది, ఉండనీ అంది.

ఆమె ఆ మాట ఏ భాషలో అందో నేను గమనించలేదు.