తాడు సంగతి

"ఆ చెప్పులతో మాత్రం రావద్దని మీ నాన్నకి నువ్వే చెప్పు," అన్నారు మావారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"చెప్పులకేమైందండీ?"

"కిర్రుకిర్రుమంటాయి. మహలంతా చలువరాతి నేల. ఈ చివర అడుగేస్తే ఆ చివరికి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి. నిద్ర లేవడానికి రాజులెవరైనా ఉన్నారా ఏంటి?"

"రాజులు లేరు. మా మేనేజరున్నాడు."

ముందుగదిలో నాన్న అంతా వింటూనే ఉన్నారు. "పోనీ అల్లుడుగారూ, చేత్తో పట్టుకుని నడుస్తా లెండి," అన్నారు. మావారు నవ్వలేదు. వారం రోజులుగా ఆయన వరస అలాగే ఉంది. మొన్న నాన్న రెండుసార్లు తుమ్మితే, వచ్చే ఏడు వెళ్దురుగాని అన్నారు. నిన్న వానొచ్చేలా ఉందన్నారు. ఇవాళ చెప్పులు. పావుగంట వాదించి, ఆఖరికి నేనే ఆ చెప్పులకి నూనె పట్టించి బయల్దేరదీశాను.

మావారు పనిచేసేది ఒకప్పటి రాజుగారి మహల్లో. ఇప్పుడది హోటలు. రోజూ సాయంత్రం అక్కడ బస చేసినవాళ్లని వెంటబెట్టుకుని గదులు చూపిస్తూ, ఆనాటి కబుర్లు చెప్పడం ఆయన ఉద్యోగం. ఏడాదికోసారి పనివాళ్ల ఇంటివాళ్లని కూడా రానిస్తారు.

మా తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, అదే మహల్లో దీపాలు చూసుకునేవారు. దర్బారు హాల్లో మూడు వందల గాజు బిళ్లలున్న పెద్ద దీపాల గుత్తి ఉండేదట. వారానికోసారి గంట కొట్టి, కింద ఎవరూ లేరని రూఢి చేసుకుని, కప్పీ మీద తాడు వదులుతూ దాన్ని దించి, బిళ్ల బిళ్లా తుడిచి, మళ్లీ పైకి లాగేవారు. ఒకరోజు దించుతుంటే తాడు తెగింది. గుత్తి పడి ముక్కలైంది. పనిలోంచి తీసేశారు. తాడు అరిగిపోయిందని మూడుసార్లు మొరపెట్టుకున్నా కొత్తది ఇవ్వలేదన్న సంగతి ఎవరూ వినలేదు. చేతకానివాడన్న పేరుతోనే తాతయ్య పోయారు. ఆ హాల్లో, ఆ కప్పు కింద నిలబడి, మీ నాన్న తప్పేమీ లేదని ఎవరైనా ఒక్కరంటే వినాలని నాన్నకి డెబ్బై ఏళ్లొచ్చినా తీరని ఆశ.

మహల్లో నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, ఆసుపత్రిలో నడిచినట్టు నడిచారు. కుర్చీలకి ఎర్రతాళ్లు కట్టి, కూర్చోరాదని బోర్డులు పెట్టారు. గోడలోంచి లిఫ్టు తలుపు తెరుచుకుంటే ఉలిక్కిపడి పక్కకి జరిగారు. మాతోపాటు ఇరవైమంది దాకా ఉన్నారు. అందరి వెనకా మేనేజరు.

దర్బారు హాల్లోకి వచ్చాం. అతుకులేసి మళ్లీ వేలాడదీసిన దీపాల గుత్తి, ఇప్పుడు ఇనప గొలుసుతో. నాన్న మెడ ఎత్తి, నోరు కొంచెం తెరిచి, అలా చూస్తూ ఉండిపోయారు.

మావారు మాట ఆపేశారు. నావైపోసారి, మేనేజరువైపోసారి చూశారు. మేనేజరు కానివ్వమన్నట్టు తలూపాడు.

"ఇక్కడో... ఇక్కడో ప్రేమకథ జరిగింది," అని నేలచూపులు చూస్తూ మొదలుపెట్టారు. "దీపాలు వెలిగించేవాడు రాణిగారి మీద మనసు పడ్డాడు. తనకి దక్కని రాణి ఇంకెవరికీ దక్కకూడదని, ఆవిడ ఈ గుత్తి కింద నిలబడినప్పుడు కత్తితో తాడు కోసేశాడు. వెంట్రుకవాసిలో రాణిగారు తప్పించుకున్నారు."

అందరూ అయ్యో అన్నారు. చెప్పుల తగువు చెప్పుల గురించి కాదని నాకప్పుడు అర్థమైంది.

నాన్న బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తారు.

"కోయలేదండీ. తాడు అరిగిపోయింది. కొత్తది కావాలని మా నాన్న మూడుసార్లు అడిగాడు. కింద ఎవరూ లేరు, గంట కొట్టి అందర్నీ పంపించేశాడు. తెగిన తాడు జారిపోతుంటే వదలకుండా పట్టుకున్నాడు. రెండు అరచేతుల తోలూ లేచిపోయింది. చచ్చేదాకా ఆ చేతులతో ముద్ద సరిగ్గా కలుపుకోలేకపోయాడు."

హాలంతా చప్పట్లు.

"ఎంత బాగా చేశారండీ!" అందొకావిడ. "కళ్లల్లో నీళ్లు కూడా!"

"నేను చెయ్యడం లేదమ్మా. నిజం చెబుతున్నాను."

ఆ మాటకి అందరూ నవ్వారు. అప్పుడు మావారు గొంతు పెంచి, "ఈయన మా మామగారండీ. ఆయన చెప్పిందే నిజం. నేను చెప్పిందే అబద్ధం," అన్నారు.

"ఓహో, మామా అల్లుళ్ల నాటకమా!" అని ఎవరో ఈల వేశారు. ఫోన్లు పైకి లేచాయి. నాన్న ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూసి, ఎత్తిన చెయ్యి దించేశారు.

గుంపు వెళ్లాక మేనేజరు పరుగున వచ్చి నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. "రోజూ రండి పెద్దాయనా. కారు పంపిస్తాం. ఇలాగే చెయ్యెత్తి, ఇలాగే చెప్పండి. ఒక్క మాటా మార్చక్కర్లేదు."

"దానికన్నా మీ కథే మార్చండి," అన్నాను.

"అది మారిస్తే ఈయన దేనికి అడ్డం చెబుతారమ్మా?" అన్నాడు. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగాడు.

బస్సులో మావారు తలొంచుకుని చెప్పారు. రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో గొప్ప కోసం తాతయ్య సంగతి మేనేజరుకి తనే చెప్పారట. తాడు అరిగితే కథేముంది, కోస్తే కథ అన్నాడట అతను. మర్నాటికల్లా ఆ కథని కార్డుల మీద అచ్చేయించి గదిగదిలో పెట్టించాడట.

"రెండేళ్లనుంచీ రోజూ చెబుతున్నారా?" అన్నారు నాన్న.

"సెలవు రోజు తప్ప, మామయ్యా."

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

రాత్రి భోజనాలకి కూర్చున్నాం. ఉన్నట్టుండి మావారే, "రేపు మానేస్తానని చెప్పేస్తాను," అన్నారు.

"మీరు మానేస్తే ఇంకొకరొచ్చి చెబుతారు," అన్నారు నాన్న. "అచ్చయిపోయింది కదా."

"అయితే ఏం చేద్దామంటారు?"

నాన్న నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు.

"రేపట్నుంచి నేనూ వస్తాను."

"వాళ్లు నవ్వుతారు నాన్నా!" అన్నాను.

"నవ్వుతారమ్మా. చప్పట్లు కూడా కొడతారు. ఏం చెయ్యను మరి? తాడు అరిగిందన్న మాట అక్కడ పలకాలంటే వాళ్లకి నాటకం కావాలిట." నా వైపు చూడకుండా మావారి వైపు తిరిగారు. "అల్లుడుగారూ, మీరు మాత్రం ఇవాళ్టిలా నీళ్లు నమలకండి. కోసేశాడన్న మాట గట్టిగా అనండి. అప్పుడే నేను చెయ్యెత్తుతాను."

మావారు కంచంలోంచి తలెత్తలేదు. అలాగేనన్నట్టు తలూపారు.