వేయించుకోని టీకా

కాన్పు సెలవు అయిపోయి కండక్టరు మళ్ళీ డ్యూటీలో చేరిన వారానికే, డిపోలో అందరికీ ఫ్లూ టీకాలు వేస్తున్నామని నోటీసు పెట్టారు. పాపకి అప్పటికి మూడు నెలలు. ఆమె భుజానికి బ్యాగుతోనే టీకా గదిలోకి వెళ్ళింది.

"పాలిస్తున్నానండీ, పరవాలేదా?"

"నిక్షేపంగా వేయించుకోవచ్చమ్మా," అంది నర్సు. "ఆరు నెలలు నిండేదాకా పాపకి ఈ టీకా వేయరు. నువ్వు వేయించుకుంటే నీ నుంచి దానికి జబ్బు అంటుకునే భయం తగ్గుతుంది. పాలతో కూడా కాస్త రక్షణ వెళ్తుంది. చెయ్యి చాపు."

చాపి ఉంటే బాగుండేది. "ఇంట్లో ఒక్క మాట చెప్పి రేపొస్తానండీ," అంది.

ఆ ఒక్క మాటకి ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. "పాలిచ్చేదానివి, ఒంట్లోకి మందెక్కించుకుంటావా? ఆ పాలు తాగేదెవరనుకున్నావు?" అంటూ అత్తగారు పాపను ఒళ్ళోంచి లాక్కున్నంత పని చేసింది. కండక్టరు మొగుడి వంక చూసింది. కళ్ళద్దాల షాపులో పనిచేసే అతను ఏ గొడవలోనూ వేలు పెట్టడని వీధిలో మంచి పేరు.

"అమ్మ అంతగా చెప్తోంది కదా. వచ్చే నెల చూద్దాంలే," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కిక్కిరిసిన బస్సును ఒక్క కేకతో లోపలికి జరిపే మనిషి ఇంట్లో మాత్రం సరేనని తలూపింది. మర్నాడు టీకా గది ముందునుంచి తల వంచుకుని వెళ్ళిపోయింది.

మూడు వారాలకి ఆమెకి ఒళ్ళు పేలిపోయే జ్వరం. ఇంకో రెండు రోజులకి పాపకి. పాలు తాగడం మానేసి డొక్కలెగరేస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తారు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. తల్లి పిండిచ్చిన పాలు సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా పట్టారు.

"తల్లి ఫ్లూ టీకా వేయించుకోలేదా?" అడిగింది పిల్లల డాక్టరు.

కండక్టరు నోరు తెరిచేలోపే మొగుడు అందుకున్నాడు. "వేయించుకోమనే అన్నామండీ. తనే భయపడింది."

"ఈ కాలం వాళ్ళు పెద్దల మాట వింటారా!" అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ.

అబద్ధమని తెలిసే అన్నారో, అప్పటికే నిజమని నమ్మేశారో ఆమెకి అంతుపట్టలేదు. భయపడిన మాట మాత్రం నిజం. సూదికి కాదు, ఈ ఇద్దరికీ.

ఆరో రోజుకి పాప గండం గడిచి రొమ్ము పట్టింది. ఇంటికి పంపించే రోజున ఆమె తిన్నగా ఆ ఆసుపత్రిలోనే ఉన్న టీకా గదివైపు నడిచింది.

"వచ్చి తగ్గిపోయింది కదా, ఇంకెందుకూ?" అన్నాడు మొగుడు.

"ఫ్లూ ఒక రకమే ఉండదట. అయినా నేను మిమ్మల్ని అడగట్లేదు."

అత్తగారు పది రోజులు కోడలితో మాట్లాడలేదు. పదకొండో రోజు పక్కింటాయన గుమ్మంలో నిలబడి పాప సంగతి అడిగాడు.

"ఇప్పుడు భయం లేదండీ. వాళ్ళమ్మకి నేనే దగ్గరుండి టీకా వేయించాను," అన్నాడు మొగుడు.

కండక్టరు అది విని, పాపను భుజాన వేసుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.