ఆర్విడ్ బాగుచేసిన బండి

మా అమ్మాయి జానెల్ ఏ బండిలో చనిపోయిందో ఆ బండిని నా భర్త ఆర్విడ్ మూడు చలికాలాలు గ్యారేజీలో కూర్చుని కొత్తదానిలా చేశాడు. ఈ మాట మా ఊళ్లో ఎవరితో అన్నా కళ్లు తుడుచుకుంటారు. నేను తుడుచుకోను. ఎందుకో చెబుతాను.

అది అరవై నాలుగో సంవత్సరపు స్టేషన్ వ్యాగన్. లేత ఆకుపచ్చ రంగు. వెనక సీటు మడిస్తే ఇద్దరు పిల్లలు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఆర్విడ్ వెన్న తీసే డెయిరీలో మెకానిక్. పంపులు, బాయిలర్లు అతని చేతి కింద ఉండేవి. మా అయోవా కొండల్లో ఎవరి ట్రాక్టరు మొరాయించినా ముందు అతనికే కబురు వచ్చేది. "ఇంకొకడి చేత బండి బాగుచేయించుకునేవాడికి రెండు చేతులెందుకు?" అనేవాడు. ఊరు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

డెబ్భై ఎనిమిది మే నెలలో జానెల్‌కి పదిహేడేళ్లు. పక్క పొలం బ్రెకె వాళ్లబ్బాయి లైల్‌తో తిరుగుతుండేది. అతనికి పందొమ్మిది. ఓ శనివారం పక్క ఊరి డ్యాన్సుకి వెళ్లి వస్తూ బండి అతనికిచ్చింది. కొండ దిగే మట్టిరోడ్డు పెద్ద రోడ్డుకు తగిలే చోట బండి ఆగలేదు. మొక్కజొన్న లారీ వచ్చి జానెల్ కూర్చున్న వైపు కొట్టింది. అమ్మాయి అక్కడికక్కడే పోయింది. లైల్‌కి తుంటి విరిగింది. అతని నోట్లో బీరు వాసన వచ్చిందని పోలీసు రాసుకున్నాడు. ఆ తర్వాత ఇంక ఎవరూ ఏమీ వెతకలేదు.

విచారణకి ముందు లైల్ చంకకర్రల మీద మా వాకిట్లోకి వచ్చాడు. తలుపు తీసింది నేనే.

"మిసెస్ హౌగెన్, నేను తాగింది ఒక్క సీసా. పెడల్ నొక్కితే నేల దాకా దిగిపోయింది. బ్రేకు లేదండీ. ఒట్టు."

చెంప మీద కొట్టాను. పడిపోకుండా మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. ఆర్విడ్ నా వెనక నుంచి ముందుకొచ్చాడు.

"ఆ బ్రేకులు అంతకు వారం ముందే చేశాను. నా చేత్తో చేశాను. నువ్వు తాగి, నెపం బండి మీద పెడతావా?"

ఆర్విడ్ చేత్తో చేసిన పనికి ఊళ్లో తిరుగు లేదు. లైల్ పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. తిరిగొచ్చి దాణా మిల్లులో మూటలు మోయడానికి చేరాడు, ఆ కుంటి కాలితోనే. పెళ్లి కాలేదు. తల్లి గుద్రున్‌తో ఆ పాత ఇంట్లోనే ఉండిపోయాడు. గుద్రున్ ప్రతి ఆదివారం చర్చిలో చివరి బల్ల మీద కూర్చునేది. ప్రార్థన అయ్యాక కింద గదిలో అందరం కాఫీలు తాగుతుంటే ఆమె కోటు వేసుకుని వెళ్లిపోయేది. ఉండమని ఎవరూ అనలేదు. నేను అసలే అనలేదు.

నుజ్జయిన బండిని పాత ఇనుం వాళ్లకి ఇవ్వనని ఆర్విడ్ పట్టుబట్టాడు. "నా కూతురి బండి. ఎవడూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అని ఇంటికి లాక్కొచ్చి, గ్యారేజీలో వెనగ్గా పెట్టి, పట్టా కప్పాడు. తండ్రి ప్రేమ అనుకున్నాను. అలా ముప్పై ఏళ్లు పడి ఉంది.

డెయిరీ పని మానేసిన ఏడాది, కాఫీ తాగుతూ తాగుతూ అన్నాడు.

"జానెల్ బండి బయటికి తీస్తున్నా."

"ఎందుకూ?"

"మళ్లీ రోడ్డెక్కించాలి. అది అలా పడుంటే పిల్ల అక్కడే పడున్నట్టుంది."

"నన్ను మాత్రం ఆ గ్యారేజీలోకి పిలవకు" అన్నాను.

మొదటి చలికాలమంతా సుత్తి చప్పుడు. నలిగిన తలుపు పీకేశాడు. అలాంటి బండిదే తలుపు, మడ్‌గార్డు ఎక్కడో మిన్నెసోటాలో దొరికితే వెళ్లి తెచ్చాడు. రెండో చలికాలం లప్పం పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం. చేతులు తెల్లగా పిండి పట్టి అన్నానికి వచ్చేవాడు. మనిషిలో హుషారు కనిపించేది. అన్నేళ్ల తర్వాత ఈల వేయడం విన్నాను. ఆ ఈల వింటే నాకు ఒళ్లు మండేది, అయినా ఏమీ అనలేదు. దుఃఖం ఒక్కొక్కరికి ఒక్కోలా తీరుతుందని పాస్టరమ్మ చెప్పింది.

మూడో ఏడాదికి అతని కళ్లకి శుక్లాలు వచ్చాయి. ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం, "కొరీన్, ఒక్కసారి వచ్చి లైటు పట్టుకో. కింద ఏం కనపడ్డంలేదు" అని పిలిచాడు. వెళ్లాను. బండి నాలుగు ఇనుప స్టాండ్ల మీద ఎత్తి ఉంది. చక్రాలు లేవు. ఆర్విడ్ వెల్లకిలా కిందకి దూరాడు. నేను చిన్న పీట మీద కూర్చుని వెనక చక్రం ఖాళీలోంచి లైటు పట్టాను.

వెనక ఇరుసు మీద పేరుకున్న మట్టిని గీకుతున్నాడు. పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. ఇరుసు వెంబడి బ్రేక్ ఆయిల్ వెళ్లే సన్నటి ఇనుప గొట్టం బయటపడింది. నల్లగా ఉంది. మధ్యలో జానెడు ముక్క మాత్రం వేరేగా ఉంది. గుడ్డ పెట్టి తుడిచాడు. ఎర్రగా మెరిసింది. దాని ఒక కొస బిగింపులోంచి ఊడిపోయి గాలిలో ఉంది.

ఆ ముక్కని నేను గుర్తుపట్టాను. జానెల్ పోయిన ఏడాది వసంతంలోనే మా వంటింటికి కొత్త గ్యాస్ పొయ్యి తెచ్చాం. దానికి వేయగా మిగిలిన రాగి గొట్టం చుట్టని అదే గ్యారేజీ గోడకి మేకు కొట్టి తగిలించింది నేనే.

"అది మన పొయ్యి గొట్టం కదూ?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"ఆర్విడ్."

"లైటు సరిగ్గా పట్టుకో."

"సరిగ్గానే పట్టుకున్నా. కనపడింది కాబట్టే అడుగుతున్నా."

మెల్లగా బయటికి జరిగి నేల మీదే కూర్చున్నాడు. చాలాసేపు చేతి గుడ్డని మడతలు పెడుతూ ఉన్నాడు.

"గొట్టం తుప్పు పట్టి కారుతోంది. ప్రమాదానికి ముందు శనివారం అది. మధ్యాహ్నానికే సామాన్ల కొట్టు మూసేశారు. జానెల్ సాయంత్రం బండి కావాలని గొడవ. సోమవారం మారుద్దామని అప్పటికి అది వేశాను. బాగానే ఆగింది. సోమవారం డెయిరీలో బాయిలర్ పోయింది. ఇంక గుర్తు రాలేదు."

"అది ఆగదా?"

"గ్యాస్‌కైతే ఆగుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే ఆ ఒత్తిడికి ఊడొస్తుంది. ఆ కాలం బండికి ఒక్కచోట ఊడితే నాలుగు చక్రాలకీ పోతుంది."

"వాకిట్లో ఆ కుర్రాడితో, నా చేత్తో చేశానన్నావు."

"చేశాననే గుర్తుంది. దేంతో చేశానో గుర్తు లేదు."

ఇది నిజమేనా అని ఆనాటి నుంచి ఆలోచిస్తున్నాను. గుర్తుంటే నన్ను లైటు పట్టమని పిలుస్తాడా? గుర్తు లేకపోతే బండి మీద ఎవడూ చెయ్యి వెయ్యకూడదని అంత పట్టు ఎందుకు పట్టాడు? రెండూ నాకు కుదరడం లేదు.

"లైల్‌కి చెప్పాలి. వాళ్లమ్మకి చెప్పాలి. ఊరికి చెప్పాలి" అన్నాను.

"నేనే చెబుతా. చర్చిలో చెబుతా. కాస్త టైమివ్వు."

ఇచ్చాను. మర్నాడు వెళ్లి చూస్తే ఆ ముక్క లేదు. ఏదీ అంటే, పాత ఇనుంతో పాటు పంపేశానన్నాడు. అప్పుడే కోటు వేసుకుని బ్రెకె వాళ్లింటికి బయల్దేరాల్సింది. వెళ్లలేదు. ఆ ఆదివారం ఆర్విడ్‌కి జలుబు. తర్వాతి ఆదివారం మంచు. మార్చిలో గుద్రున్ బ్రెకె చనిపోయింది. నేను బంగాళదుంప రొట్టెలు చేసి అంత్యక్రియల నాడు చర్చికి పట్టుకెళ్లాను. ముప్పై ఏళ్లలో ఆ కుటుంబానికి నేను పెట్టిన మొదటి తిండి అది. లైల్ నన్ను చూసి, పళ్లెం అందుకుని, "థాంక్సండీ" అన్నాడు. అక్కడైనా నోరు తెరవలేదు. ఆర్విడ్ ఒక్కడిదే తప్పని చెప్పడానికి నాకు మొహం లేదు.

జూలై నాలుగున స్వాతంత్ర్య దినోత్సవం ఊరేగింపులో మా బండిని అన్నిటికంటే ముందు పెట్టారు. అద్దంలా ఉంది. ఆర్విడ్ నన్ను ముందు సీట్లో, జానెల్ కూర్చున్న చోటే కూర్చోబెట్టాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దాణా మిల్లు ముందు లైల్ నిలబడి ఉన్నాడు. మా మొహాలు చూడలేదు. బండి దగ్గరికి రాగానే టోపీ తీశాడు. ఆర్విడ్ అతనికి కూడా చెయ్యి ఊపాడు, మిగతా వాళ్లకి ఊపినట్టే.

ఆ వారం ఊరి పత్రికలో ఫొటో వేశారు. తండ్రి ఓర్పు గురించి పెద్ద వ్యాసం. మధ్యలో ఒక వాక్యం: తాగి నడిపిన యువకుడి వల్ల కూతురు మరణించింది, అని. ఆర్విడ్ దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాడు. నేను చూసి, కారు తాళం తీసుకుని బ్రెకె వాళ్లింటికి వెళ్లాను.

లైల్ మెట్ల మీద కూర్చుని బీన్సు తుంచుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది.

"దారి తప్పారా, మిసెస్ హౌగెన్?"

నిలబడే చెప్పాను. గొట్టం గురించి, శనివారం మూసేసిన కొట్టు గురించి, అంతా. బీన్సు తుంచడం ఆపలేదు. గిన్నె సగం నిండాక అన్నాడు.

"రెండుసార్లు కొట్టాను పెడల్‌ని. జానెల్ నవ్వుతోంది. ఆటపట్టిస్తున్నాననుకుంది."

నేను ఆ మాట ఎప్పుడూ వినలేదు. చెప్పే అవకాశం అతనికి ఇవ్వలేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరిలో."

గిన్నె పక్కన పెట్టాడు. "మా అమ్మ మార్చి పందొమ్మిదిన పోయింది."

"తెలుసు."

"తెలుసు కదా. రొట్టెలు తెచ్చారు. బ్రేకు పడలేదని ఆవిడకి ముప్పై ఏళ్లు చెప్పాను. నమ్ముతున్నానురా అనేది. రోజూ ప్రార్థనలో మాత్రం నన్ను క్షమించమని దేవుణ్ణి అడిగేది. గోడ అవతల నాకు వినపడేది. మీరు ఒక్క ముక్క, ఆసుపత్రిలో మంచం పక్కకొచ్చి ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"లైల్, నన్ను..."

"అడక్కండి. క్షమించమని మాత్రం అడక్కండి. మీరు తేలికపడి ఇంటికెళ్లిపోతారు, నేనిక్కడ కూర్చుంటాను. చెప్పాలనుంటే వాళ్లకి చెప్పండి. నాకెందుకు? నాకు మొదట్నుంచీ తెలుసు."

మళ్లీ గిన్నె ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కింద గదిలో చెమ్చాతో కప్పు మీద కొట్టి అందరికీ వినిపించేలా చెప్పాను. ఒక్క మాటా తడబడలేదు. అందరూ ఆర్విడ్ వైపు చూశారు. అతను లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

"ఈమధ్య కొరీన్‌కి సంవత్సరాలు కలిసిపోతున్నాయి. పొయ్యీ, బండీ ఒకటైపోతున్నాయి. మీకు ముందే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

"అబద్ధం!" అని అరిచాను. అరవకుండా ఉండాల్సింది. ఆ అరుపుతో వాళ్లకి నమ్మకం కుదిరింది. పాస్టరమ్మ కుర్చీ తెచ్చింది. ఎవరో కాఫీ చేతిలో పెట్టి, వేడి చూసుకోమని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "ఊరేగింపు వల్ల పాపం మళ్లీ అన్నీ గుర్తొచ్చాయి" అని ఒకామె గుసగుసలాడింది.

ఆ వారం మా మెట్ల మీద మూడు రకాల వంటలు పెట్టి వెళ్లారు. నేనే డాక్టరు దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. గడియారం బొమ్మ గీయమన్నాడు, వంద నుంచి ఏడేసి తీసేయమన్నాడు. అన్నీ సరిగ్గా చేశాను. బుద్ధి నిక్షేపంగా ఉందని కాగితం ఇచ్చాడు. ఆ కాగితం చూపిస్తానంటే ఎవరూ చూడలేదు. చాలా మంచిది కొరీన్, జాగ్రత్తగా ఉండు అన్నారు.

ఆ ఇంటి నుంచి ఆగస్టులో బయటికొచ్చేశాను. తపాలా ఆఫీసు పై అంతస్తులో రెండు గదులు తీసుకున్నాను. భార్య మతిపోయి వెళ్లిపోయినా ఎంత నిబ్బరంగా ఉన్నాడో అని ఊరు ఆర్విడ్‌ని ఇంకాస్త గౌరవిస్తోంది. లైల్ ఉత్తరాల కోసం వచ్చినప్పుడు మెట్ల దగ్గర ఎదురయ్యాడు ఒకసారి.

"చెప్పారటగా."

"చెప్పాను. ఎవరూ నమ్మలేదు."

"విన్నాను" అన్నాడు. ఇంకేదైనా అంటాడేమోనని నిలబడ్డాను. తలుపు నాకోసం పట్టుకుని, నేను లోపలికి వెళ్లాక వదిలేసి, తన దారిన వెళ్లిపోయాడు.

అక్టోబరులో మొదటి మంచు పడిన రోజు ఆర్విడ్ ఫోన్ చేశాడు.

"నా ఉన్ని మేజోళ్లు ఎక్కడ పెట్టావు?"

"మేడ మీద పెట్టెలో, దుప్పట్ల కింద."

"సరే" అన్నాడు. కాసేపు ఇద్దరం ఫోన్ పట్టుకునే ఉన్నాం. తర్వాత అతనే పెట్టేశాడు.