పక్క సీటులో గొంతు

“ఎడమ, ఒడిలీ, ఎడమ. ఉంగరం ఉన్న చెయ్యి వైపు,” అన్నారు మా ఆయన ఎలియేసెర్.

శాన్ మార్కోస్ నుంచి కార్తాగో వెళ్లే కొండదారిలో ఆ మలుపు దగ్గర కుడిపక్కన లోయ తప్ప ఇంకేమీ లేదు. కుడికి తిప్పితే ఇద్దరం కాఫీ తోటల మీదుగా దొర్లుకుంటూ పోయి ఏట్లో తేలాల్సిందే. అయినా చెప్పారు. పంతొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నారు. కాఫీ కోతల్లో కొమ్మ విసురుగా తగిలి ఆయన కుడికన్ను మసకబారినప్పటి నుంచి బండి నడిపేది నేను. అత్తగారిని ఆసుపత్రికి, కోతవాళ్లకి అన్నాలు, కాఫీ పళ్ల బస్తాలు రైతుల సొసైటీ కాటాకి, ఆడపడుచు పిల్లల్ని బడికి, అన్నీ నా చేతుల మీదే. ఆయన పక్కన కూర్చుని నోటితో నడుపుతారు. గేరు నోటితోనే, బ్రేకు నోటితోనే. దిగాక ఎవరైనా “దారెలా ఉంది?” అంటే, “ఏదో, తోలుకొచ్చాను” అంటారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత ఏదీ రావడం మానేసింది.

మా కొండ ఊళ్లలో మొగుడు పెళ్లాన్నీ, తల్లి కొడుకునీ, ఆఖరికి కుక్కనీ కూడా ‘మీరు’ అనే అంటారు. కాబట్టి ఆ మాటలో మర్యాద ఎంతుందో గొంతును బట్టి పోల్చుకోవాలి.

ఆ రోజు పాత జీపుని వదిలించుకుని కొత్త కారు చూడ్డానికి వెళుతున్నాం. నాకు కారు కావాల్సింది ఒక పని కోసం. సొసైటీలో సభ్యులుగా ఉన్న ఆడరైతుల తోటలకి వెళ్లి, చెట్లు చూసి, తెగుళ్లు రాసుకుని, సలహా చెప్పి వచ్చే మనిషి కావాలన్నారు. పెళ్లికి ముందు రెండేళ్లు వ్యవసాయ కాలేజీలో చదివాను. ఆ రెండేళ్లకీ ఇంతకాలం తర్వాత ఎవరో విలువ కట్టారు. మేనేజరు ఒకటే షరతు పెట్టాడు: శుక్రవారంలోగా కోపేయ్ కొండ మీద ఎల్పిదియా అనే ఆవిడ తోట చూసి రిపోర్టు తెస్తే పని నాది. తేకపోతే ఇంకొకరిని చూసుకుంటాడు.

ఎలియేసెర్ వద్దనలేదు. ఆయన ఏదీ వద్దనరు. “నేను కాదనడం లేదు ఒడిలీ. ఎలా వెళతారని అడుగుతున్నానంతే. ఎరువుల కొట్టు మూసుకుని రోజూ మీ పక్కన కూర్చుని దారి చూపించలేను కదా?” అన్నారు, నిజంగానే దిగులుపడుతూ. అత్తగారు బెల్లం నీళ్లు ఊదుకుని తాగుతూ, “మా వాడు ఒంటికంటితో చూసేదాంట్లో సగం కూడా మీరు రెండు కళ్లతో చూడరమ్మా,” అంది. నేను రొట్టె తిరగేశాను.

కార్తాగోలో కార్ల కొట్టు దోన్ వాల్తెర్‌ది. మా అమ్మాయికి జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రి ఆయనే, ఆ వరసతో మా ఆయనా ఆయనా ‘కొంపాద్రే’ అని పిలుచుకుంటారు, కాబట్టి ఇంటి మనిషి కిందే లెక్క. కౌగిలింతలయ్యాక తాళం తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని నాకిచ్చారు, సంచీ పట్టుకోమని ఇచ్చినట్టు.

“ఇందులో దారి చూపించే మ్యాపు కారుతోనే వస్తుంది,” అన్నాడు దోన్ వాల్తెర్, మా ఆయన వైపే చూస్తూ. “ఆకాశంలో ఉపగ్రహం చూసి చెబుతుంది, సిగ్నలుతో పనిలేదు. ఆ పక్కదానిలో ఇది లేదు, కాస్త చవక. ఫోను తగిలిస్తే ఫోన్‌లో మ్యాపు ఆ తెర మీదికొస్తుంది.”

“ఫోను చాలు. చేతిలో ఉండగా ఇదెందుకు దండగ?” అన్నారు మా ఆయన. “పైగా ఫోనైతే ఈవిడ ఎక్కడుందో మాకూ కనిపిస్తుంది.”

అది నిజమే. మా ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే మ్యాపులో కనిపిస్తాయి. భద్రత కోసమని ఆయనే పెట్టించారు. నేను ఆకుపచ్చ చుక్కని. ఆయన నీలం చుక్క. ఆయన చుక్క ఎప్పుడూ ఎరువుల కొట్లోనే ఉంటుంది కాబట్టి దాన్నెవరూ చూడరు.

నేను కారు తెర మీద వేలు పెట్టి ఊరికే జరుపుతున్నాను. కొండలు, ఏళ్లు, ఊళ్లు వేలు వెంట పరిగెత్తుతున్నాయి. “దోన్ వాల్తెర్, నేను ఎక్కడున్నానో ఇది ఎవరికైనా చెబుతుందా?” అనడిగాను.

ఆయన మొదటిసారి నా వైపు తిరిగాడు. “ఈ పాతరకం మ్యాపా? లేదమ్మా. మీకు తప్ప ఎవరికీ చెప్పదు,” అన్నాడు. మళ్లీ మా ఆయన భుజం తట్టి, “రెండు రోజులుంచుకోండి కొంపాద్రే. ఒకరోజు ఫోన్‌తో, ఒకరోజు దీంతో తిప్పి చూడండి. ఏది నచ్చితే ఆ కారే ఇస్తా. ఈ మ్యాపులో ఆడమనిషి గొంతు ఉంటుంది కానీ, మీకంటే తక్కువే మాట్లాడుతుంది లెండి,” అని పెద్దగా నవ్వాడు. మా ఆయనా నవ్వారు.

బుధవారం ఫోను పెట్టుకుని కోపేయ్‌కి బయలుదేరాను. ఊరు దాటకముందే మోగింది. ఫోను మోగితే దారి చెప్పే గొంతు ఆగిపోతుందని అప్పుడే తెలిసింది.

“బేకరీ దగ్గర పదకొండు నిమిషాలు నిలబడ్డారేంటి?”

“మీ అమ్మగారికి చక్కెర లేని రొట్టె.”

“ఓహో. అయితే రెండు తీసుకోండి.”

ఈలోగా తిరగాల్సిన మలుపు వెనకపడింది. మళ్లీ సరిచేసుకుంటే మళ్లీ ఫోను: “అటెందుకు వెళుతున్నారు? అది కోపేయ్‌కి పోయే శాంతా మరియా దారి కాదే?” మీ ఫోన్ వల్లనే తప్పానని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన కంగారు నిజమైనది. అదే ఇబ్బంది. అబద్ధపు ప్రేమైతే తోసెయ్యడం తేలిక. శిఖరం దాటాక సిగ్నలు పోయింది. మ్యాపు తెల్లగా అయిపోయింది. చుట్టూ పొగమంచు. అరగంట తిరిగి, వెనక్కి ఎక్కి వచ్చేసరికి తొమ్మిది మిస్డ్ కాల్స్: మా ఆయనవి ఆరు, అత్తగారివి రెండు, ఒకటి పాదిరిగారిది. పాదిరిగారికెవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. ఎల్పిదియా తోట చూడకుండానే ఇంటికొచ్చాను.

“నేనేమీ అనడం లేదు,” అన్నారు మా ఆయన రాత్రి భోజనాల దగ్గర. అని, నాకు వినపడేలా నమిలారు.

గురువారం అత్తగారు ఆడపడుచు ఇంటికి జపమాల ప్రార్థనకి వెళుతుంది. ఆవిడని అక్కడ దింపి, తిరిగొచ్చి రొట్టెలు మూట కట్టుకుని, కారెక్కి, ఊరి చివర వంతెన దాకా వెళ్లాక గుర్తొచ్చింది: ఫోను వంటింట్లో చార్జింగుకి పెట్టి మర్చిపోయాను. వెనక్కెళితే పది నిమిషాలు. కారాపి కూర్చున్నాను. ఏమవుతుంది? గట్టిగా ఆలోచిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. పంతొమ్మిదేళ్లలో ఎవరి చూపూ లేని దారి ఒక్కటి కూడా వెళ్లలేదు కదా, ఎలా తెలుస్తుంది? అదేమిటో చూద్దామనిపించింది. చిన్నప్పుడు గూట్లో గుడ్డు తాకి చూడాలనిపించేది, అలాగ.

తెర మీద కోపేయ్ అని కొట్టాను. గొంతు పలికింది. స్పెయిన్ యాస, నాలుక పళ్ల మధ్య పెట్టి మాట్లాడే యాస. ‘రెండు కిలోమీటర్ల తర్వాత కుడికి.’ సరే. కుడికి తిరగలేదు. కావాలనే తిన్నగా పోయాను. ఏమంటుందో విందామని. ఇలాంటప్పుడు ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు: ముందు నిట్టూర్పు, తర్వాత నాలుక చప్పరింపు, తర్వాత ‘చెప్పాను కదా’, ఇంటికెళ్లాక అత్తగారి ముందు అదే కథ, ఆదివారం చర్చి మెట్ల మీద ఇంకోసారి. నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి.

‘దారి మళ్లీ చూస్తున్నాను,’ అంది గొంతు. అంతే. ఇంకో దారి చెప్పింది.

నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ తప్పాను. మళ్లీ అదే మాట, అదే గొంతు. మూడోసారి ఒకాయన పాలకొట్టం ముందు గుండ్రంగా రెండు చుట్లు తిరిగాను. పాల క్యాను పట్టుకుని ఆయన నోరు తెరిచి చూశాడు. గొంతుకి మాత్రం అలుపు లేదు, అలక లేదు. నేను గట్టిగా నవ్వాను. నవ్వితే కళ్లలో నీళ్లొచ్చాయి, ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

సిగ్నలు లేని శిఖరం దాటినా తెర మీద బాణం గుర్తు కదులుతూనే ఉంది. కోపేయ్ చేరాక అసలు చిక్కొచ్చింది. మా దేశంలో ఇళ్లకి నంబర్లుండవు. ఎల్పిదియా సొసైటీకి ఇచ్చిన చిరునామా: ‘రంపపు మిల్లు ఒకప్పుడు ఉన్న చోటు నుంచి మూడొందల మీటర్లు పైకి.’ ఒకప్పుడు ఉన్న చోటు, అంటే ఇప్పుడు లేదు. ఎప్పుడో కాలిపోయిందట. కిరాణా కొట్లో అడిగి ఆ చోటు తెలుసుకుని, మ్యాపులో అక్కడి నుంచి మూడొందల మీటర్లు లెక్కపెట్టి గుర్తు పెట్టాను. ‘గమ్యం చేరుకున్నారు,’ అంది గొంతు. ఎదురుగా పశువుల చావడి. గడ్డి మోపు దించుతున్న ముసలాయన నడుం మీద చేతులేసుకున్నాడు.

“ఎల్పిదియా ఇల్లా? ఇంకా పైకి. మూడొందలని చెప్పిందా? మరి ఒక్క మలుపుకే ఆగారేంటి? వందంటే ఒక మలుపు. ఏ ఊరమ్మా మీది?”

“శాన్ మార్కోస్.”

“మరి తెలీదా?”

తెలుసు. నేను పుట్టింది ఈ కొండల్లోనే. వంద మీటర్లంటే బస్తీలో ఒక వీధి, కొండ మీద ఒక మలుపు అని మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. టేపు పెట్టి కొలిచినవాడు ఎవడూ లేడు. మరి నేనెందుకు కొలిచాను? గొంతు ఎంత మెత్తనిదైనా, పక్కన ఒక గొంతుందంటే చాలు, నాకు తెలిసింది తీసి పక్కన పెట్టేస్తున్నాను. అలవాటు. దాన్ని నాకెవరో నేర్పారు, నేనూ బాగా నేర్చుకున్నాను. ఈ మాట ఆ పేడవాసనలో, ముసలాయన వేళాకోళం మధ్య తట్టింది. గొంతుని ఆపేసి ఇంకో రెండు మలుపులు నా కళ్లతో ఎక్కాను.

“ఊపే!” అని, ఇంట్లోవాళ్లని పిలిచే మా కొండల కేక గేటు దగ్గర వేశాను. ఎల్పిదియా చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు కారు పక్క సీటులోకి తొంగి చూసింది.

“ఎవరితో వచ్చారు?”

“ఒక్కదాన్నే.”

“అయితే రండి, కాఫీ వడకట్టాను,” అంది. ఆ మాటకి ఆవిడకి ఏమాత్రం ఆశ్చర్యం లేకపోవడం నాకెంత ఆశ్చర్యమో చెప్పలేను.

తోటంతా తిరిగాం. పైమడిలో ఆకులు తిరగేస్తే వేలికి నారింజరంగు పొడి అంటింది. ఆకుతుప్పు. మూడు వరసలకే ఉంది, మిగతా తోటకి ఇంకా పట్టలేదు. ఏ కొమ్మలు కొట్టాలో చూపించాను. “పురుగుమందుల కొట్టువాడు తోటంతా పీకెయ్యమన్నాడు,” అందావిడ. “వద్దు,” అన్నాను. ఆ మాట నా గొంతులోంచి ఎంత తిన్నగా వచ్చిందంటే, ఎవరన్నారా అని నేనే వెనక్కి చూడబోయాను.

నాలుగింటికి సొసైటీ ఆఫీసులో రిపోర్టు పెట్టాను. మేనేజరు కాగితం చూశాడు, నా బురద బూట్లు చూశాడు, గోడ గడియారం చూశాడు.

“దోన్యా ఒడిలీ, ఇందాకే మీ ఆయన ఫోన్ చేశారు. మీరివాళ ఇల్లు కదల్లేదట. ఈ పని మీవల్ల కాదని మీకే అర్థమైందట. ఇంకెవరినైనా చూసుకోమన్నారు.” నా కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుని, “ఇంకొకావిడకి కబురు చేద్దామనే అనుకుంటున్నా. ఏం చెయ్యమంటారు?” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పొద్దుటి నుంచీ ఆకుపచ్చ చుక్క వంటింట్లో ఉంది. అందుకే ఒక్క ఫోనూ రాలేదు, ఒక్క వెతుకులాటా లేదు. వంటింట్లో ఉన్న మనిషికి ఎవరు ఫోన్ చేస్తారు? నేను కొండ మీద ఉంటే తొమ్మిది కాల్స్, పాదిరిగారితో సహా. పొయ్యి పక్కన రోజంతా కదలకుండా పడుంటే బతికున్నానా లేదా అని కూడా ఎవరికీ అనుమానం రాదు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ చుక్కని అంత హాయిగా నమ్మిన మనిషి, నా మాటగా ఇంకా ఏమేం చెప్పాడో తెలుసుకోవాలన్న కుతూహలం మాత్రం వచ్చింది.

“సోమవారం ఏ తోట?” అనడిగాను మేనేజరుని. ఆయన ఫైలు తీశాడు.

సాయంత్రం అన్నం, చిక్కుడు గింజలు వడ్డిస్తుంటే ఎలియేసెర్ నా చెయ్యి మెల్లగా నొక్కారు. “ఇవాళ ఇంటిపట్టున ఉన్నారు, మంచి పని చేశారు. మధ్యాహ్నం మూడుసార్లు చూశాను. సొసైటీ సంగతి నేనే మాట్లాడేశాను లెండి, మీకు మొహమాటం ఎందుకని.”

“కోపేయ్ వెళ్లొచ్చాను,” అన్నాను. “రిపోర్టిచ్చాను. సోమవారం నుంచి పని.”

అత్తగారి చెంచా ఆగింది. ఆయన జేబులోంచి ఫోను తీసి, తెర చూసి, నన్ను చూసి, మళ్లీ తెర చూశారు. పాపం, ఎవరిని నమ్మాలో తేల్చుకోలేకపోయారు.

“మ్యాపున్న కారే తీసుకుందాం,” అన్నాను. నా ఫోను తీసి తెర మీద ఒకటి నొక్కాను. “నా ఫోనుని మీ మ్యాపులోంచి తీసేశాను.”

“తీసేశారా?” గొంతులో నిజమైన భయం. “మరి మీరెక్కడున్నారో మాకెలా తెలుస్తుంది?”

“నన్ను అడగండి,” అన్నాను.