తలుపు ఇంటరప్ట్

మా తోడికోడలు మా ఆఫీసులో చేరిన రోజు నేను నవ్వాను. అందరి ముందూ ఆమె భుజం మీద చెయ్యి వేసి, నా పక్క కుర్చీ చూపించాను. లోపల మాత్రం కడుపు మండిపోయింది. ఇంట్లో ఎలాగూ ఒకే వంటింట్లో తిరుగుతున్నాం. ఒకే హాలు, ఒకే టీవీ, ఒకే అత్తగారు. ఆఫీసైనా నాకు విడిగా ఉందనుకుంటే, దాన్ని పంచిపెట్టింది ఎవరో కాదు, మా ఆయనే. "మరదలు ఇంట్లో ఖాళీగా ఎందుకు కూర్చోవడం" అంటూ ఆమె వివరాలు స్వయంగా మా మేనేజరుకి పంపించాడు. ఇంటి పెద్దకొడుకు కదా, అందరికీ న్యాయం చేస్తాడు, కట్టుకున్నదానికి తప్ప.

మాది లిఫ్టులు తయారుచేసే కంపెనీ. లిఫ్టును నడిపే పెట్టెలో ఇదివరకు రెండు చిప్పులు ఉండేవి. ఒకటి మోటారునీ తలుపుల్నీ చూసుకునేది. రెండోది లోపలి తెర మీద అంతస్తు నంబరు చూపిస్తూ పాటలు వినిపించేది. రెంటి పనీ ఒకే చిప్పు మీదకి తెమ్మన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇమిడ్చే ప్రోగ్రాం నేను రాశాను. దాన్ని హైపర్‌వైజర్ అంటారు.

అది అడుగున ఉండి, పైన రెండు సిస్టమ్‌లను వంతులవారీగా నడిపిస్తుంది. ఆ రెంటినీ గెస్టులంటారు. వచ్చింది చుట్టపుచూపుగానే అయినా, చిప్పంతా తనదేనని ప్రతి గెస్టూ అనుకుంటుంది. మోటారు గెస్టు తన మెమరీ గళ్ళ లెక్క సున్నా నుంచి మొదలవుతుందని నమ్ముతుంది. తెర గెస్టు నమ్మకమూ అదే. ఆ రెండు సున్నాలూ అసలు మెమరీలో ఎక్కడెక్కడ ఉన్నాయో నేను రాసిన పట్టికకే తెలుసు. ఒకటి రెండోదాని వాటాలో వేలు పెట్టబోతే చిప్పు దాన్ని అక్కడే ఆపి, నా ప్రోగ్రాంని పిలుస్తుంది.

బయటి కబుర్లు కూడా నా ప్రోగ్రాం ద్వారానే వెళ్ళాలి. మూసుకుంటున్న తలుపుల మధ్య ఎవరైనా చెయ్యి పెడితే సెన్సర్ ఒక ఇంటరప్ట్ పంపుతుంది. చేస్తున్న పని ఆపి ఇటు చూడమని చిప్పుకి అందే పిలుపు అది. అప్పుడు తెర గెస్టు వంతు నడుస్తుంటే, నా ప్రోగ్రాం ఆ పిలుపును గుర్తు పెట్టుకుని, మోటారు గెస్టు వంతు రాగానే దానికి అందించాలి. వంతులు కంటిరెప్ప పాటులో మారిపోతుంటాయి కాబట్టి ఆలస్యం ఎవరికీ తెలియదు. సరిగ్గా పనిచేసినంతకాలం నా ప్రోగ్రాం ఉందని కూడా ఎవరికీ తెలియదు.

అక్కడే నాకు కాలేది. మా తోడికోడలికి తెర గెస్టు పని ఇచ్చారు. ఆమె అంతస్తుల నంబర్లు మెత్తగా పైకి జారేటట్టు చేసింది. అంతే, ఆఫీసంతా లిఫ్టు ఎక్కి దిగడమే పని. "ఎంత బాగుందమ్మా" అని మేనేజరు మురిసిపోయాడు. ఆ నంబరు జారడానికి కింద నా ప్రోగ్రాం ఎన్నిసార్లు వంతులు మార్చి చచ్చిందో అడిగిన నాథుడు లేడు. ఇంటికొస్తే అత్తగారిదీ అదే పాట. "చిన్నదాన్ని చూడు, ఆఫీసు నుంచి వచ్చినా మొహం వాడదు. నువ్వేమో ఎప్పుడూ దెబ్బలు తిన్నట్టుంటావు." దెబ్బలు కొట్టేవాళ్ళే పరామర్శిస్తే ఏం చెప్తాం.

ఇలా ఉండగా పరీక్షల టవర్లో ఒక లిఫ్టు మొండికేసింది. ఆ టవర్లో మనుషులుండరు, పొడుగునా లిఫ్టులే. మెకానిక్ తలుపుల మధ్య కర్ర పెడితే తలుపు వెనక్కి తెరుచుకోవాలి. వందల్లో ఏ ఒక్కసారో తెరుచుకోవడం లేదు. సెన్సర్ పంపిన ఇంటరప్ట్ మోటారు గెస్టుకి చేరడం లేదు.

మేనేజరుకి ఆఫీసులో 'తరవాతేంటి' అని పేరు. ఏం చెప్పినా చివర అదే అడుగుతాడు. సోమవారం పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టాడు.

"శుక్రవారానికి ఇది తేలకపోతే మళ్ళీ రెండు చిప్పులకే వెళ్ళిపోదాం. హైపర్‌వైజర్ పక్కన పెట్టేద్దాం. తరవాతేంటి?"

పక్కన పెట్టేద్దాం. పాత గొడుగుని పక్కన పెట్టినట్టు చెప్పాడు. ఆ ప్రోగ్రాం తప్ప ఈ లోకంలో పూర్తిగా నాదని చెప్పుకోవడానికి నాకు ఇంకేమీ లేదు. అది పోతే ఆ ఆఫీసులో నేను చిన్నకోడలికి తోడికోడలిని, అంతే.

"రెండు చిప్పులకి వెళ్తే నా వైపు పెద్దగా మార్చక్కర్లేదు సార్" అంది మా తోడికోడలు, అడక్కుండానే. నేను ఆమె వైపు చూడలేదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

తప్పు ఎక్కడుందో నాకు వెతకాల్సిన అవసరమే కనపడలేదు. ఆమె గెస్టు హద్దు దాటి మోటారు గెస్టు మెమరీని తొక్కుతోంది. నంబర్లు అంత సొగసుగా జారాలంటే ఎక్కడో ఒకచోట దొంగతనం చేయక తప్పదు. నా పట్టికలో హద్దులన్నీ ఇంకా బిగించాను. ఆమె వాటా సగానికి కోశాను. వేలు పెడితే చాలు పట్టుకునేలా కాపలా పెట్టి, తెర ముందు కూర్చున్నాను. నా బతుకులో ఎవరి రాక కోసమూ అంత ఆశగా ఎదురుచూడలేదు.

"అక్కా, నా గెస్టుకి మెమరీ తగ్గించారా? నంబర్లు నత్తలా పాకుతున్నాయి" అని మంగళవారం వచ్చి అడిగింది.

"పరీక్ష కోసం."

"ఏం పరీక్ష?"

"హద్దులో ఉండేవాళ్ళకి దిగులక్కర్లేని పరీక్ష."

ఆమె నా తెర వైపు ఒకసారి చూసి, గబగబా తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుందనుకుని లోపల లోపల పండగ చేసుకున్నాను. కాపలా మాత్రం ఒక్కసారీ మోగలేదు. బుధవారమూ మోగలేదు. మేనేజరు అటుగా వస్తూ నా తెర మీదకి తొంగిచూశాడు.

"దొంగ దొరికాడా?"

"దొరుకుతుంది సార్."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకూడదమ్మా. తరవాతేంటి?"

గురువారం మధ్యాహ్నం అందరం టవర్ పై అంతస్తులో నిలబడ్డాం. మెకానిక్ కర్ర పెట్టడం, తలుపు తెరుచుకోవడం, మళ్ళీ పెట్టడం. అందరికీ ఆవులింతలు వస్తున్న సమయంలో తలుపు ఆగలేదు. కర్ర మధ్యకి విరిగింది. మెకానిక్ చేతిలో మిగిలిన ముక్కని చూసి, తన చెయ్యి చూసుకుని, లిఫ్టుని ఆపేశాడు. దాంతో అందరం మెట్లు దిగాల్సి వచ్చింది. మిగతావాళ్ళు ముందు వెళ్ళిపోయారు. మా తోడికోడలు కావాలనే నా పక్కన నెమ్మదిగా దిగింది.

"అక్కా, మెమరీ కాదు" అంది.

"ఏంటి కాదు?"

"తప్పు మెమరీలో లేదు. ఇంటరప్ట్ అందించేచోట ఉంది. మోటారు స్పీడు లెక్కేసుకునే కాసేపు ఆ గెస్టు ఇంటరప్టులు వినకుండా మూసేసుకుంటుంది కదా. ఆ కాసేపట్లో మీరు అందిస్తే దానికి వినపడదు. అది తీసుకుందో లేదో చూడకుండానే మీరు గుర్తు చెరిపేస్తున్నారు. ఇక మళ్ళీ చెప్పేవాళ్ళెవరు?"

నేను మెట్టు మీద ఆగిపోయాను. ఆ భాగం నా కళ్ళ ముందు కదిలింది. అందించడం, వెంటనే గుర్తు చెరిపేయడం. చెవిటివాడి ముందు శంఖం ఊది, ఊదేశానుగా అని చేతులు దులుపుకోవడం. నేను రాసిందే. ఆమె మెమరీ చుట్టూ కాపలా కాస్తూ, నా చేతిరాత నేను తిరిగి చదువుకోలేదు.

"ఎప్పుడు చూశావు?"

ఆమె రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడింది. "సోమవారం. మీటింగు అవగానే చదివాను."

"సోమవారమా? మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెప్పబుద్ధి కాలేదు."

ఇలాంటి జవాబు ఎవరైనా ఇస్తారని నేను అనుకోలేదు. చెంప పగలగొట్టాలనిపించింది. ఆమె తనే మళ్ళీ మాట్లాడింది.

"మీరంటే నాకు కుళ్ళు అక్కా. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్య రోజూ మీ పేరే. పెద్దది నెమ్మదస్తురాలు, పెద్దది రాసిందాని మీద లిఫ్టే నడుస్తుంది, నువ్వు అంకెలు జరుపుకుంటావు అని. ఆఫీసులో తరవాతేంటిగారు కూడా ఏదైనా కష్టమైతే మీ కుర్చీ వైపే చూస్తాడు. ఒక్కసారి మీది తప్పయితే బాగుండనుకున్నా. దొరికింది. దాచుకున్నా. ఇందాక కర్ర విరిగాక భయమేసింది."

అత్తగారు నా గురించి అలా అందా? నా ముందు ఒక్కనాడైనా? నా దగ్గర ఆమెనీ, ఆమె దగ్గర నన్నూ పొగిడి, ఇద్దరికీ చెరో సున్నా చూపించి ఆ పెద్దావిడ నడిపిన కాపురం ముందు నా హైపర్‌వైజర్ ఏపాటిది. అయినా ఆ క్షణాన నా మనసు అత్తగారి మీద లేదు. కోపం రావాల్సిన చోట కోపం వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది, చాలా హాయిగా. ఎవరి మొహం వాడదో, ఎవరి నంబర్లు జారుతాయో, ఆ మనిషి నన్ను చూసి కుళ్ళుకుంటోంది.

"ఏమన్నావు? మొదట్నుంచీ చెప్పు" అన్నాను.

"ఇంటరప్ట్ సంగతా?"

"కాదు. నేనంటే ఏంటన్నావు?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. గబగబా మెట్లు దిగిపోయింది.

సాయంత్రానికల్లా సరిచేశాను. గెస్టు పిలుపు తీసుకునేదాకా గుర్తు చెరపకూడదు. అది చెవులు తెరిచిన క్షణంలో చిప్పు నా ప్రోగ్రాంకి చెప్పాలి, అప్పుడు మళ్ళీ అందించాలి. నాలుగైదు లైన్ల పని. పక్క కుర్చీలోంచి ఆమె చూస్తూనే ఉంది, నేను తెర పక్కకి తిప్పుకోలేదు.

శుక్రవారం మెకానిక్ కొత్త కర్ర తెచ్చాడు. భోజనాల వేళ దాటేదాకా పెడుతూనే ఉన్నాడు. ప్రతిసారీ తలుపు బుద్ధిగా వెనక్కి వెళ్ళింది. చివరికి అతనే విసిగిపోయి కర్ర గోడకి ఆనించాడు.

"బతికించారు" అన్నాడు మేనేజరు. "హైపర్‌వైజర్ ఉంటుంది. ఇంతకీ పట్టుకున్నదెవరు?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా తోడికోడలి గొంతు వినిపించింది. "అక్కే సార్."

అందరూ నా వైపు తిరిగారు. నేను ఊరుకుంటే సరిపోతుంది. ప్రోగ్రాం మొత్తం నాదే. ఆమె కూడా తన దాపరికానికి చెల్లుచీటీ రాసుకున్నట్టు ప్రశాంతంగా నిలబడింది. ఆ ప్రశాంతతే నాకు గుచ్చుకుంది. అందంలో ముందుంది, మాటకారితనంలో ముందుంది. ఇప్పుడు మంచితనంలో కూడా నా ముందు నిలబడితే నేను తట్టుకోలేను. పొద్దున్న లేచి స్టవ్ దగ్గర ఆ మొహం చూడాలి నేను.

"కాదు సార్. తప్పు నాది, పట్టుకుంది తను" అన్నాను. "వారమంతా నేను మెమరీలో లేని దొంగని వెతికాను."

సోమవారం మాట మాత్రం ఎత్తలేదు. అది నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. అట్టిపెట్టుకున్నానని ఆమెకు తెలిసింది.

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి గడ్డం గోక్కున్నాడు. "అయితే ఒక పని చేద్దాం. మెమరీ నువ్వు చూసుకో. ఇంటరప్టులు ఇకనుంచి ఆమె చూస్తుంది. తరవాతేంటి?"

తరవాత ఏముంది. పూర్తిగా నాది అని చెప్పుకున్న ఒకే ఒక్కదానిలో సగం, నా నోటితో నేనే ఇచ్చేశాను. ఆమె వైపు చూశాను. అడగకుండానే సగం చేతికొచ్చిన మనిషి, మొహం మాడ్చుకుని, పళ్ళ బిగువున నన్నే చూస్తోంది. మంచితనంలో నా వెనకబడ్డ ఆ చూపు ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు. ఆమె మొహం వాడడం చూసింది ఆ రోజే, దాని కోసం ఇంకో సగం కూడా ఇచ్చేసేదాన్నేమో.